పద్దు పుస్తకం చదివేదెవరు?

నుడి హక్కుల కోసం నడిచే పత్రికలో అంగడి లెక్కల ప్రసక్తి ఎందుకని చదువరులు అనుకోవచ్చు. బడి, పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయుల నియామకం, ఊరి పేర్ల పలకలు: ఇన్నేళ్లుగా మనం మాట్లాడుకొంటున్నది వీటిని గురించే. న్యాయవాదిగా నేను రాసిన అర్జీలలోనూ ఎక్కువ భాగం వీటికి సంబంధించినవే. కాని ఒక కుటుంబం తన భాషను జారవిడుచుకొన్నప్పుడు దానితో పాటు ఎంత సొమ్మును జారవిడుచుకొంటుందో రూపాయల లెక్కన నాకు తెలిసివచ్చినది 2019లో, హోసూరు ప్రాంతంలోని ఒక కిరాణా అంగడి వ్యవహారంలో. ఆ కుటుంబం ఎవరిదో చెప్పను. ఆ వ్యవహారం మాత్రం సరిహద్దు జిల్లాలలోని మన ఇళ్లలో ఏ ఇంటిదైనా కావచ్చు.

ముప్పై ఏళ్లకు పైగా ఆ అంగడి నడిపిన పెద్దాయన వీలునామా ఏదీ రాయకుండానే కన్నుమూశారు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, కుప్పం వైపు మెట్టినిల్లు ఉన్న ఒక కూతురు. కొడుకులిద్దరూ కార్ఖానా ఉద్యోగాలలో ఉన్నారు. అంగడిలో కూర్చునేవారు లేరు కనుక అమ్మివేయాలని నిశ్చయించుకొన్నారు. కొనేవాడు వచ్చాడు. రూ. 5,50,000 ధర కుదిరింది. రూ. 50,000 బయానా పుచ్చుకొని కొడుకులిద్దరూ ఒప్పంద పత్రం మీద సంతకాలు చేశారు. తల్లి, చెల్లెలు కూడా సంతకాలు చేయవలసి ఉంటుందని ఎవరో చెప్పగా, ఆ కాగితాలతో నా వద్దకు వచ్చారు. వారి సంచిలో ఎర్ర అట్టల పద్దు పుస్తకాలు మూడున్నాయి.

“ఈ పుస్తకాలు ఎందుకు తెచ్చారు?” అని అడిగాను.

“కొనేవాళ్లు ఇవి కూడా ఇవ్వాలన్నారు సార్. నాన్న ఇందులో ఏం రాశాడో మాకు చదవరాదు” అన్నాడు పెద్దవాడు.

అక్కడ నేను ఆగిపోయాను. సరుకు కొనేవాడికి పాత పుస్తకాలతో పని ఏమిటి? ఒప్పంద పత్రాన్ని మొదటి నుంచి చదివాను. అంగడి పేరు, సరుకు, సామాను, ఇంటి యజమాని వద్ద ఉన్న అడ్వాన్సు, పద్దు పుస్తకాలు, వాటిలోని రాబడులతో సహా సమస్త హక్కులు కొనుగోలుదారుకు దఖలు పడతాయని ఏడో పేరాలో ఒకే వాక్యంలో ఉంది. ఆ వాక్యాన్ని తల్లికి తెలుగులో చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆయన రాసిందంతా నోటితో చెప్పి పోయుంటే బాగుండె నాయనా” అన్నది.

ఆ మూడు పుస్తకాలూ తెలుగులో ఉన్నాయి. చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ ఇంటివారు ఏ నెలలో ఎంత సరుకు అప్పుగా తీసుకొన్నారు, ఎంత చెల్లించారు, పండుగకు ఎవరికి ఎంత బెల్లం, ఎంత నూనె కావలసి వస్తుంది అన్నీ రాసి ఉన్నాయి. ఆ ఇంట్లో ఆ పుస్తకాలను చదవగలిగినది కూతురు ఒక్కతే. ఆమె చిన్ననాడు తెలుగు బడిలో చదువుకొన్నది. వాటా అడగదులే అని పక్కన పెట్టిన ఆడబిడ్డ రెండు రోజులు నా కార్యాలయంలో కూర్చొని, తండ్రి రాసిన పద్దులన్నీ కూడికలు వేసింది. రావలసిన బాకీల మొత్తం రూ. 4,12,000 అని తేలింది.

అంతకు ముందు దాని విలువ ఆ ఇంట్లో సున్న. కొనేవాడికి మాత్రం తెలుసు.

తప్పు ఎవరిది?

ఇక్కడ తప్పునంతా ప్రభుత్వం మీదకు తోసివేయడం తేలిక. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఆ తరువాత మన పిల్లలకు తెలుగు చదువు ఎంత కష్టమైపోయినదో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కాని ఈ అన్నదమ్ములు ఆ చట్టం రాకముందే బడికి వెళ్లినవారు. వారిని ఇంగ్లీషు బడిలో వేసినది తండ్రే. కొడుకులకు ఉద్యోగాలు కావాలి, కూతురికి ఊళ్లో ఉన్న బడి చాలు అనుకొన్నాడు. తాను తెలుగులో రాస్తూ, తన తరువాత చదవలేనివారిని పెంచాడు. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా ఇంట్లోనూ ఇదే జరగబోయి తప్పిపోయింది.

నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. చిన్న వ్యాపారానికి విలువ దాని కాగితాలలో ఉంటుంది. ఆ కాగితాలను ఇంటిల్లిపాదీ చదువుకోగలగాలి. చదవలేని కుటుంబానికి వ్యాపారం ఉన్నా అది ఇతరుల చేతిలో ఉన్నట్టే. అంగడి పెట్టబోయే ముందు వేసుకొనే లెక్క, పెట్టేటప్పుడు సంతకం చేసే కాగితం, పంచుకొనేటప్పుడో అమ్మేటప్పుడో కట్టే విలువ: ఈ మూడు చోట్లా ఈ మాట వర్తిస్తుంది.

పెట్టబోయే ముందు

మనవారిలో వ్యాపారం చేయాలన్న తెగువకు కొదవ లేదు. తెలంగాణ నుంచి వెళ్లి సోలాపూరులో స్థిరపడిన పద్మశాలీలు మగ్గాల మీద ఆ ఊరి దుప్పట్లకు దేశమంతటా పేరు తెచ్చారు. హోసూరు చుట్టుపక్కల పూలతోటలలో, చిన్న కార్ఖానాలలో మనవారు ఎందరో ఉన్నారు. తెగువ ఉన్నచోట ఒక పుట కాగితం ఎందుకు ఉండదన్నదే నా బాధ.

ఈమధ్య ఒక యువకుడు టిఫిన్ అంగడి పెట్టాలని వచ్చాడు. లెక్కంతా నోటితోనే చెప్పాడు. నేను తెలుగులో కాగితం మీద పెట్టించాను. నెలకు అద్దె 10,000, పనిమనిషి జీతం 14,000, కరెంటు, నీళ్లు 3,000, అప్పు వాయిదా 5,000, మొత్తం 32,000 రూపాయలు. నూరు రూపాయల అమ్మకంలో బియ్యం, పప్పు, నూనె, గ్యాసు పోగా మిగిలేది 45 రూపాయలు. అంటే నెలకు సుమారు 71,100 రూపాయల అమ్మకం ఉండాలి. 26 రోజులు అంగడి తెరిస్తే రోజుకు 2,735. “అంతే కదా సార్” అని సంతోషించాడు.

“నీ జీతం ఎక్కడ రాశావు?” అని అడిగాను. రాయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి కలిపేవాడికి నెలకు 18,000 అయినా రావద్దా? అది చేరిస్తే ఖర్చు 50,000. అమ్మకం నెలకు 1,11,100 దాటాలి. రోజుకు సుమారు 4,275. మనిషికి 50 రూపాయల లెక్కన రోజుకు 86 మంది రావాలి. ఆ వీధిలో ఉదయం ఏడు నుంచి పది దాకా నిలబడి వారం రోజులు మనుషులను లెక్కపెట్టి రమ్మన్నాను. లెక్కపెట్టి వచ్చాడు. వీధి మార్చుకొన్నాడు.

తన శ్రమకు, భార్య శ్రమకు, సొంత గదికి ఖర్చు రాసుకోకపోవడం మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు. ఇంటివారి చాకిరీని లెక్కలో చూపకపోతే నష్టంలో ఉన్న అంగడి కూడా లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది.

సరిహద్దు ప్రాంతంలో ఇంకొక జాగ్రత్త అవసరం. మనకు అవతలి ఊరు అంటే మేనమామ ఊరు. చట్టానికి అది వేరే రాష్ట్రం. సరుకుల వ్యాపారంలో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కరలేదన్న వెసులుబాటు 2019 ఏప్రిల్ నుంచి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఉంది. పుదుచ్చేరి కింద ఉన్న యానాంలో ఆ హద్దు 20 లక్షలే. అయితే రాష్ట్రం దాటించి సరుకు పంపి అమ్మేవారికి, కొన్ని హస్తకళా వస్తువుల వంటివి తప్ప, ఈ వెసులుబాటు వర్తించదు. మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారైతే సరుకును పొరుగు రాష్ట్రానికి అమ్మనే కూడదు. బేరికె అంగడివాడు దగ్గరి ఆంధ్ర ఊరికి బండి మీద సరుకు పంపితే, చెన్నై నుంచి ఢిల్లీకి పంపినవాడితో సమానమే. పథకం వేసేటప్పుడే గిరాకీ ఏ వైపు ఉందో చూసుకోవాలి.

సంతకం పెట్టే ముందు

వ్యాపారం మొదలయ్యేటప్పుడు మన ముందుకు వచ్చే కాగితాలలో అత్యంత ప్రమాదకరమైనది అప్పు పత్రం. ఇరవై ముప్పై పుటలు, చిన్న అక్షరాలు, పుటకొక సంతకం. భర్త తీసుకొనే అప్పుకు భార్య జామీను. ఆమెకు ఆ లిపి రాదు.

ఈ విషయంలో మనవారికి ఒక మంచి ఆయుధం దొరికింది. దానిని వాడుకొంటున్నవారు నా ఎరుకలో చాలా తక్కువ. 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త వ్యక్తిగత అప్పులకు, చిన్న పరిశ్రమల వాయిదా అప్పులకు బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. వడ్డీతో పాటు సకల రుసుములూ కలిపి ఏడాదికి నూటికి అసలు ఎంత పడుతుందో అందులో ఉండాలి. ఆ పత్రం అప్పు తీసుకొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. దానిని వివరించి, అర్థమైనదని వారి వద్ద రాయించుకోవాలి. అందులో లేని రుసుమును తరువాత వారి ఒప్పుకోలు లేకుండా వసూలు చేయరాదు.

ఆ ఆదేశంలో ఉన్నది ‘రాష్ట్ర భాష’ అన్న మాట కాదు, అప్పు తీసుకొనేవారికి అర్థమయ్యే భాష అన్న మాట. బళ్లారి తెలుగువాడికి, రాయగడ తెలుగువాడికి, సిరొంచ తెలుగువాడికి అది తెలుగే కావచ్చు. “తెలుగులో ఇవ్వండి, చదువుకొని సంతకం చేస్తాను” అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఇవ్వకపోతే ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 30 రోజులలో జవాబు రాకపోతే, వచ్చినా సరిపడకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. భాషాహక్కు అంటే మనకు వెంటనే రాజ్యాంగం 350వ అధికరణమే గుర్తుకు వస్తుంది. దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు మొర పెట్టుకొనే హక్కు అది. నేను అనేక అర్జీలలో ఉదహరించాను. కాని బ్యాంకు బల్ల ముందు కూర్చొన్న మనిషికి అంతకన్నా దగ్గరగా అందివచ్చేది ఈ ఆదేశమే.

ఒక అపోహను ఇక్కడ తొలగించాలి. ‘మైనారిటీ’ అన్న మాట విని, మైనారిటీల అభివృద్ధి సంస్థల అప్పులు మనకూ వస్తాయని కొందరు తిరిగి తిరిగి అలసిపోతున్నారు. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ అప్పులు ప్రకటిత మత మైనారిటీలకు ఉద్దేశించినవి. భాషా మైనారిటీగా మనకు రాజ్యాంగం ఇచ్చినవి చదువు, సంస్కృతి, సంస్థల స్థాపనకు సంబంధించిన హక్కులు. పెట్టుబడికి మనం అందరితో పాటు ముద్ర అప్పులకే వెళ్లవలసి ఉంటుంది. శిశు పేరిట 50,000 వరకు, కిశోర్ పేరిట 5 లక్షల వరకు, తరుణ్ పేరిట 10 లక్షల వరకు హామీ ఆస్తి లేకుండా ఇవ్వవలసిన అప్పులివి. ‘మైనారిటీ కోటాలో ఇప్పిస్తాను’ అని మనవారి వద్ద డబ్బు గుంజే దళారులను ఈ ఒక్క వాక్యంతో తిప్పి పంపవచ్చు.

భాగస్వామ్యం సంగతి ఇంకా సున్నితం. బావమరది, స్నేహితుడు, పక్కింటి అన్న: మాట మీద కలుస్తారు. రాత లేకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం తన లెక్క తాను వేస్తుంది. పెట్టుబడి ఎవరిది ఎంతైనా లాభనష్టాలు సమానం అంటుంది. నాలుగు లక్షలు పెట్టినవాడికీ నలభై వేలు పెట్టినవాడికీ సమానమే. రాసుకొన్న పత్రాన్ని నమోదు చేయించకపోతే, సంస్థ తరఫున బయటివారి మీద ఒప్పందపు బాకీకి దావా వేయడానికి 69వ సెక్షను అడ్డు నిలుస్తుంది. పత్రం ఏ భాషలో రాసినా, ప్రతి భాగస్వామికీ తెలిసిన భాషలో ఒక ప్రతి జతచేయండి. ఒకరు వెళ్లిపోతే వారి వాటాకు విలువ ఎట్లా కట్టాలో అందులోనే రాయండి. విడిపోయేటప్పుడు రాసుకొందామంటే ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొనే స్థితి అప్పటికి ఉండదు.

పెద్ద కార్ఖానాలకు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న యూనిట్ల వారు ఉద్యం నమోదు చేయించుకోవాలి. అది ఉచితం. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు కొనుగోలుదారు ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజులలోపు డబ్బు చెల్లించాలి. లేకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఈ హక్కు ఉందని తెలియకనే మనవారు ఆరేసి నెలలు గేటు ముందు నిలబడుతున్నారు.

బోర్డు గురించి రెండు మాటలు. కర్ణాటకలో 2024 సవరణ ప్రకారం పేరు పలకలో 60 శాతం కన్నడం ఉండాలి. తమిళనాడులో తమిళం పైన ఉండాలి. మహారాష్ట్రలో మరాఠీ ముందుండాలి. పాటించండి. మిగిలిన చోటులో తెలుగు రాయడానికి ఈ నిబంధనలు అడ్డు కావు. ఉన్న చోటును వాడుకోకుండా చోటు లేదని వాపోవడం మనకు తగదు.

విలువ కట్టేటప్పుడు

ఇక మళ్లీ ఆ కిరాణా అంగడి వద్దకు వద్దాం. 5,50,000 ధర ఎట్లా వచ్చింది? అటకల మీది సరుకు కొన్న ధరకు 4,20,000, ఫ్రిజ్, కాటా, అరలు 80,000, పైన ఒక 50,000 ‘మంచికోసం’. కంటికి కనిపించినదానికి మాత్రమే విలువ కట్టారు.

కంటికి కనిపించనివి మూడున్నాయి. మొదటిది, ఇంటి యజమాని వద్ద ఉన్న అడ్వాన్సు లక్ష రూపాయలు. రెండవది, బాకీలు. బాకీలన్నీ రూపాయికి రూపాయి రావు. వయసును బట్టి వాటిని విడదీయాలి. ఆ నాలుగు లక్షల పన్నెండు వేలలో ఏడాదిలోపువి 1,90,000, ఏడాది నుంచి మూడేళ్లవి 1,22,000, మూడేళ్లు దాటినవి లక్ష. అప్పుగా ఇచ్చిన సరుకు బాకీకి దావా గడువు సాధారణంగా మూడేళ్లు. ఆలోగా బాకీదారు ఒప్పుకొని రాసి సంతకం చేస్తే గడువు అక్కడినుంచి మళ్లీ మొదలవుతుంది. అందువలన మొదటివాటిలో నూటికి 80, రెండవవాటిలో 40 వస్తాయని, మూడవవాటిలో ఏమీ రాదని లెక్క వేశాను. సుమారు రెండు లక్షలు.

మూడవది, వాడుక. న్యాయశాస్త్రం దీనిని గుడ్‌విల్ అంటుంది. భాగస్వామ్య చట్టం 14వ సెక్షను దీనిని సంస్థ ఆస్తిలో భాగంగా చెప్పింది. ఇది గాలిలో మేడ కాదు, లెక్కకు అందేదే. పుస్తకాల ప్రకారం చివరి మూడేళ్ల సగటున ఏడాదికి మిగిలినది 4,80,000. అందులో ఆయన పనికి నెలకు 15,000, ఆమె పనికి 8,000 చొప్పున ఏడాదికి 2,76,000 తీసివేయాలి. వేరేవారిని పెట్టుకొంటే ఆ జీతాలు ఇవ్వవలసినవే. సరుకులోను, బాకీలలోను, అడ్వాన్సులోను చిక్కుకొన్న పది లక్షలకు నూటికి పది చొప్పున వడ్డీ లక్ష తీసివేయాలి. ఆ సొమ్ము మరోచోట పెట్టినా ఎంతో కొంత వచ్చేది కదా. మిగిలినది 1,04,000. అంగడి పేరుకు, ఆ పుస్తకంలోని ఇళ్లకు ఏటా వచ్చే ప్రతిఫలం ఇది. చిన్న అంగడికి రెండేళ్ల లెక్క చాలనుకొన్నాను. 2,08,000.

అంతా కలిపితే విలువ సుమారు పది లక్షలు. సంతకాలు చేసిన ధర అయిదున్నర లక్షలు.

వీలునామా లేనప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతురు సమాన వారసులు. తల్లీ కూతుళ్లు సంతకం చేయలేదు కనుక వారి వాటాలను ఆ ఒప్పందం కట్టివేయలేదు. అదొక్కటే మాకు మిగిలిన పట్టు. కొనుగోలుదారుతో కూర్చొన్నాం. ధర అదే ఉంచి, అడ్వాన్సు లక్ష విడిగా ఇచ్చేటట్టు, పాత పేరు వాడుకొన్నందుకు 60,000 ఇచ్చేటట్టు, బాకీలు ఈ కుటుంబానికే ఉండేటట్టు కొత్త పత్రం రాసుకొన్నాం. వాడుకకు నా లెక్క రెండు లక్షలైతే వచ్చినది అరవై వేలు. బయానా పుచ్చుకొన్నాక చేయి కిందైనవాడికి అంతకు మించి బేరం సాగదు.

ఆ తరువాత తల్లి ఆ పుస్తకాలు చంకన పెట్టుకొని, సెలవులకు వచ్చినప్పుడల్లా కూతురిని వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. పద్నాలుగు నెలలలో 1,70,000 వసూలైంది. ఒకచోట ఒకాయన, తన బాకీ ఏనాడో తీరిపోయిందని గట్టిగా అన్నాడట. పుస్తకం తెరిచి చూస్తే నిజమే. తీరిందని గీత గీసి, తేదీ వేసి ఉంది. ఆ మాట ఊళ్లో పాకిన తరువాత మిగిలినవారు మారుమాటాడకుండా ఇచ్చారని ఆమె నాతో చెప్పింది.

మొత్తం చేతికి వచ్చినది 8,80,000. మొదటి ఒప్పందం కన్నా 3,30,000 ఎక్కువ. చదవగలిగిన ఒక్క ఆడబిడ్డ వలన ఆ ఇంటికి దక్కిన సొమ్ము అది.

రెండు ఆక్షేపణలు

తెలుగులో రాసిన లెక్కలు కోర్టులో చెల్లవని చాలామంది నమ్ముతున్నారు. ఇది తప్పు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 28వ సెక్షను, అంతకు ముందున్న పాత సాక్ష్య చట్టం 34వ సెక్షను చెప్పేది ఒకటే. క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకాలను సాక్ష్యంగా చూపవచ్చు. వాటితోనే బాధ్యత రుజువు కాదు, తోడు సాక్ష్యం కావాలి. భాష షరతు అందులో లేదు. అనువాదం జతచేస్తే చాలు. చెల్లనిది క్రమం తప్పిన పుస్తకం.

రెండవది, ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోకుండా తెలుగు పట్టుకొని వేలాడమంటున్నావా అని. కాదు. నేను ఇంగ్లీషులో న్యాయశాస్త్రం చదివాను, తమిళంలో వాదిస్తాను, కన్నడ పత్రాలు చదువుతాను. పొరుగు భాష రానివాడికి సరిహద్దులో వ్యాపారం సాగదు. మనం ఇక్కడికి వలస వచ్చినవారం కాము. రాష్ట్రాల గీతలే మన మీదుగా వెళ్లాయి. ఒడిశా వైపు 1936లో, బళ్లారి, హోసూరుల వైపు 1953లో. కనుక పొరుగు భాష కూడా మన ఇంటి భాషే. దానిని నేర్చుకోవడం వేరు, దానికోసం తండ్రి చేతిరాతను పోగొట్టుకోవడం వేరు.

చేయవలసినవి

ప్రభుత్వాలను మనం అడగవలసినవి ఉన్నాయి. స్థానిక జనాభాలో 15 శాతమో, ఆపైనో ఉన్న భాషా మైనారిటీలకు ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలో ఇవ్వాలన్నది 1956 నుంచి ఒప్పుకొన్న రక్షణ. వ్యాపార లైసెన్సు నిబంధనలు, అప్పు పథకాల కరపత్రాలు దాని కిందికి రావాలి. అధికార భాషా చట్టం 1965లోనే తెలుగుకు చోటిచ్చిన యానాంలో ఈ పని ఇంకా సులువు. ప్రతి జిల్లాలోని మన సంఘాలు ఈ ఒక్క అంశం మీద అర్జీ పెట్టాలని, ప్రతిని భాషా మైనారిటీల కమిషనరుకు పంపాలని కోరుతున్నాను.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేని పని కూడా ఒకటి ఉంది. అంగడి, మగ్గం, తోట, చిన్న కార్ఖానా ఏది ఉన్నా, నెలకొక ఆదివారం పద్దు పుస్తకం ఇంట్లో అందరి ముందు తెరవండి. పిల్లవాడి చేత ఒక పుట చదివించండి. రావలసినది, ఇవ్వవలసినది, మిగిలినది ఈ మూడూ పైకి చెప్పించండి. బడిలో తెలుగు దొరకని బిడ్డకు అది తెలుగు పాఠం కూడా అవుతుంది. వ్యాపారం చేసే ఇంటిలో అంతకన్నా పనికివచ్చే వాచకం మరొకటి నాకు కనిపించడం లేదు.

ఆ అన్నదమ్ములలో చిన్నవాడు ఇప్పుడు సొంతంగా ఒక చిన్న వర్క్‌షాపు పెట్టుకొన్నాడు. మొన్న వాటాపత్రం రాయించుకోవడానికి నా వద్దకు వచ్చినప్పుడు చేతిలో ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. మూడో పుటలో ‘బాకీ’కి దీర్ఘం పెట్టలేదు. అక్క నేర్పుతోందని, కూతురు తనకన్నా ముందుగా చదివేస్తోందని చెప్పాడు. ఆ దీర్ఘం నేను దిద్దలేదు. ఆ పిల్లే దిద్దుకొంటుంది.